ఒకే రాయి, ఎన్నో నీళ్లు: ఐస్‌లాండ్ బసాల్ట్ నేలపై ఏడు రోజులు

మొదటి రోజు: రెయిక్యవిక్, వాన

సున్నపురాయి, గ్రానైట్, ఇసుకరాయి పక్కపక్కనే పరుచుకున్న నేలలో నీటి రసాయనాన్ని చదవడం కష్టం. ఒక ఊటలో కాల్షియం ఎక్కువగా కనిపిస్తే అది ఏ రాతిలోంచి వచ్చిందో తేల్చడానికే సగం శ్రమ సరిపోతుంది. ఐస్‌లాండ్‌లో ఆ చిక్కు చాలావరకు లేదు. ఈ ద్వీపంలో అత్యధిక భాగం బసాల్టే. అట్లాంటిక్ సముద్రం నడిమధ్యన రెండు భూఫలకాలు విడిపోతున్న చోట పైకి ఉబికి గడ్డకట్టిన లావా అది. రాయి దాదాపు ఒకటే అయినప్పుడు నీళ్లలో కనిపించే తేడాలకు కారణాలు మరోచోట వెతకాలి. నీరు రాతితో ఎంత కాలం గడిపింది, ఎంత వేడిలో గడిపింది, దారిలో ఏ వాయువులను కలుపుకొంది అన్నవే ఆ కారణాలు. ఈ మూడింటినీ విడివిడిగా కళ్లతో చూడాలన్న కోరికతో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. సంచిలో ఒక పీహెచ్ మీటరు, ఒక విద్యుద్వాహకత మీటరు, కొన్ని ఖాళీ సీసాలు ఉన్నాయి. పీహెచ్ 7 కంటే తగ్గితే నీరు ఆమ్లం, పెరిగితే క్షారం.

దిగిన మధ్యాహ్నమే వాన పడింది, దానితోనే మొదలుపెట్టాను. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినందువల్ల శుద్ధమైన వాన నీరు కూడా కొద్దిగా ఆమ్లమే; దాని పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. ఆ కొద్దిపాటి ఆమ్లమే రాతిని కరిగించే పనికి పెట్టుబడి. ఇక్కడి వానలో దానికి తోడు ఉప్పు కూడా ఉంది. అలల తుంపరలను గాలి మోసుకురావడం వల్ల సోడియం, క్లోరైడ్ అయాన్లు నేలను తాకకముందే వానలో చేరిపోతాయి. బసాల్ట్‌లో క్లోరైడ్ చాలా తక్కువ కనుక తర్వాతి ప్రయాణంలో రాయి దానికి చేర్చేది పెద్దగా ఉండదు. అందుకే ఇక్కడి నీటిని చదివేవారు మొదట క్లోరైడ్‌నే చూస్తారు. సముద్రం నుంచి ఎంత వచ్చిందో దాన్ని బట్టి లెక్కగట్టి తీసివేస్తే, మిగిలినది రాయి ఇచ్చినది.

సాయంత్రం బసలో కుళాయి విప్పి చూశాను. చల్లనీటి పీహెచ్ 9 దగ్గర నిలిచింది. పైన పడిన వాన ఆమ్లం, కుళాయిలో వచ్చేది క్షారం. నగరానికి తాగునీరు ఊరి అంచున ఉన్న లావా నేలల్లోని భూగర్భ జలం నుంచి వస్తుంది, దానికి రసాయనిక శుద్ధి అవసరం పడదు. వానకూ కుళాయికీ మధ్యనున్న ఆ తేడా అంతా రాయి చేసిన పని.

వేడినీటి కథ వేరు. ఈ నగరానికి వేడినీరు రెండు రకాలుగా అందుతుంది. కొన్ని ప్రాంతాలకు భూమిలోంచి తోడిన వేడినీరే నేరుగా వెళుతుంది. మిగతా ప్రాంతాలకు నెస్యావెట్లిర్, హెట్లిస్‌హెయిది విద్యుత్ కేంద్రాల దగ్గర ఆవిరితో వేడిచేసిన చల్లని భూగర్భ జలం వెళుతుంది. ఈ రెండింటినీ ఒకే పైపులో కలపరు. మొదటిదానిలో సిలికా, అంటే ఇసుకలో ముఖ్యంగా ఉండే పదార్థం, ఎక్కువ; రెండవదానిలో మెగ్నీషియం ఎక్కువ. కలిస్తే మెగ్నీషియం సిలికేట్ ఏర్పడి పైపుల నిండా గార కడుతుంది. ఏ హానీ లేని రెండు నీళ్లు కలిసిన చోట రాయి పుట్టడమంటే, ఒక నగరం తన పైపుల పటాన్నే రసాయన సమతుల్యాన్ని బట్టి గీసుకోవలసి వచ్చిందన్నమాట. ఈ రాత్రి నాకు నిద్ర ఆలస్యం కావడానికి ఆ ఒక్క విషయం చాలు.

రెండవ రోజు: థింగ్వెట్లిర్, సిల్ఫ్రా పగులు

ఉదయమే థింగ్వెట్లిర్ చేరాను. ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న లోయ ఇది. ఇక్కడి సిల్ఫ్రా అనే పగులులో నిలిచిన నీటిని చూడడానికే ప్రత్యేకంగా వచ్చాను. సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉన్న లాంగ్‌యోకుట్ల్ హిమానీనదం కరిగిన నీరు లావా పొరల్లోని రంధ్రాల గుండా దశాబ్దాల పాటు ఇంకుతూ వచ్చి ఈ పగులులో బయటపడుతుంది. ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంటుంది. నీటిలో వంద మీటర్ల దూరం కూడా కనిపిస్తుందని చదివినప్పుడు నమ్మలేదు. అంచున నిలబడి కిందికి చూసిన తర్వాత నమ్మాను. అడుగున ఉన్న రాళ్ల అంచులు సైతం గీసినట్టు కనిపిస్తున్నాయి.

అయితే తేటగా ఉన్నంత మాత్రాన అందులో ఏమీ లేదనుకోకూడదు. లావా ఈ నీటిని వడకట్టింది, దానితోపాటు మార్చింది కూడా. బసాల్ట్‌లో ఆలివిన్, పైరాక్సిన్, ప్లాజియోక్లేజ్ అనే ఖనిజాలతో పాటు, త్వరగా చల్లారడం వల్ల స్ఫటికం కాలేకపోయిన గాజు కూడా ఉంటుంది. ఈ గాజు స్ఫటికాల కంటే వేగంగా కరుగుతుంది. నీటిలోని హైడ్రోజన్ అయాన్లు రాతిలోకి చేరి, వాటి బదులు కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు నీటిలోకి వస్తాయి. వాటి వెంట సిలికా వస్తుంది. అంటే రాయి కరిగిన ప్రతిసారీ నీటిలోని ఆమ్లం ఖర్చవుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గుర్తించాలి. గాలి తగిలే చోట, లేదా మొక్కల వేళ్లు ఊపిరి వదిలే మట్టిలో, ఖర్చయిన ఆమ్లానికి బదులుగా కొత్త కార్బన్ డయాక్సైడ్ కరుగుతూనే ఉంటుంది. అందువల్ల పీహెచ్ మరీ పైకి పోదు, నీటిలో బైకార్బొనేట్ పెరుగుతూ పోతుంది. కానీ మట్టి పలుచగా, మొక్కలు తక్కువగా ఉండే ఈ లావా మైదానంలో నీరు ఒకసారి పగుళ్లలోకి దిగాక గాలితో సంబంధం తెగిపోతుంది. వెంట తెచ్చుకున్న కార్బన్ డయాక్సైడ్ అయిపోయాక కూడా రాయి కరుగుతూనే ఉంటుంది. అప్పుడు పీహెచ్ 9 దాటుతుంది, కొన్ని చోట్ల 10 దాకా వెళుతుంది. ఆ ఎత్తున సిలిసిక్ ఆమ్లమే విడివడి హైడ్రోజన్ అయాన్లను అందిస్తూ పీహెచ్‌ను అదుపు చేస్తుంది. నిన్న కుళాయి దగ్గర కనిపించిన 9కి వివరణ ఇదే. అది కాలుష్యానికి గుర్తు కాదు, గాలికి దూరంగా రాతితో గడిపిన ఏకాంతానికి గుర్తు.

మూడవ రోజు: గేసిర్, స్ట్రోక్కుర్

స్నానాల గదిలో మనం గీజర్ అని పిలుచుకునే పరికరానికి పేరు ఈ ఊటనుంచే పోయింది. అసలు గేసిర్ ఇప్పుడు అరుదుగా తప్ప ఎగయదు. దాని పక్కనే ఉన్న స్ట్రోక్కుర్ మాత్రం కొన్ని నిమిషాలకొకసారి 15 నుంచి 20 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. లేవబోయే ముందు నీటి ఉపరితలం నీలిరంగు బుడగలా ఉబ్బే ఆ అర క్షణం కోసం రెండు గంటలు తాడు ఇవతల నిలబడ్డాను.

1846లో ఇక్కడికి రాబర్ట్ బున్సెన్ వచ్చాడు. ప్రయోగశాలల్లోని బర్నర్‌కు పేరు మిగిలిన ఆ బున్సెనే. అంతకు ముందటి ఏడాది హెక్లా అగ్నిపర్వతం బద్దలైన తర్వాత జరిగిన యాత్రలో భాగంగా వచ్చి, దెక్లువాజో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తతో కలిసి గేసిర్ గొట్టంలోకి ఉష్ణమాపకాలు దించాడు. లోతున వేడి 120 డిగ్రీలు దాటింది, అయినా నీరు మరగలేదు. పైనున్న నీటి బరువు దానిని అణచిపెట్టింది. ఆ నీరు కొద్దిగా పైకి జరిగితే చాలు, పీడనం తగ్గిన చోట హఠాత్తుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి పైనున్న నీటిని నెట్టేస్తే కిందనున్నదాని మీద బరువు మరింత తగ్గుతుంది. ఎగజిమ్ముడుకు కారణం ఇదని ఆయన వివరించాడు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆయన రెండవ ఆలోచన. ఈ వేడినీటిలోని లవణాలు భూగర్భంలోంచి ప్రత్యేకంగా ఊరినవి కావని, వాన నీరే లోపలికి ఇంకి వేడి రాళ్లను కరిగించి తెచ్చుకున్నవని ఆయన భావించాడు. 1964లో ఎల్లిస్, మేహన్ అనే ఇద్దరు న్యూజీలాండ్‌లో అగ్నిపర్వత శిలలను వేడినీటిలో ఉంచి ప్రయోగాలు చేసినప్పుడు, ఉష్ణజలాల్లో కనిపించే చాలా పదార్థాలు రాతిలోంచే రాగలవని తేలింది.

గేసిర్ చుట్టూ కాలికింద పరుచుకున్న బూడిద తెలుపు పెంకు అంతా సిలికా. ఈ పెంకు ఎందుకు ఇక్కడే ఏర్పడిందన్న ప్రశ్నలో ఉష్ణజల రసాయనమంతా ఇమిడి ఉందని నా నమ్మకం, కనుక దాని దగ్గర కాసేపు ఆగుతాను. లోతున, రెండు వందల డిగ్రీలు దాటిన వేడిలో, నీరు క్వార్ట్జ్‌తో, అంటే స్ఫటికం కట్టిన సిలికాతో, సమతుల్యానికి వస్తుంది. అంటే ఆ వేడికి తగినంత సిలికాను కరిగించుకొని నిండిపోతుంది. వేడి ఎంత ఎక్కువైతే కరిగే సిలికా అంత ఎక్కువ. ఆ నీరు వేగంగా పైకి వచ్చి చల్లారినప్పుడు, న్యాయంగా అదనపు సిలికా మళ్లీ క్వార్ట్జ్‌గా విడిపోవాలి. కానీ తక్కువ వేడిలో క్వార్ట్జ్ స్ఫటికం కట్టడం ఎంత నెమ్మదంటే, నీరు పైకి చేరేలోగా అది జరగదు. అందువల్ల నీరు లోతులో నింపుకున్న సిలికానంతటినీ దించకుండా మోసుకొస్తుంది. పైకి వచ్చి చల్లారి, ఆవిరిగా కొంత పోయి, మిగిలిన నీటిలో సిలికా ఇంకా చిక్కబడి, స్ఫటికం కాని సిలికాకు ఉన్న హద్దును కూడా దాటినప్పుడు మాత్రమే అది ఒపల్‌గా రాలుతుంది. వంద డిగ్రీల దగ్గర ఆ హద్దు లీటరుకు 370 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది, సాధారణ వేడిలో 120 దగ్గర. కాలికింది పెంకు అలా రాలినదే.

క్వార్ట్జ్ చూపే ఆ నెమ్మదితనమే మనకు ఉష్ణమాపకంగా పనికివచ్చింది. 1966లో ఫోర్నియర్, రో అనే ఇద్దరు, పైకి వచ్చిన నీటిలో ఎంత సిలికా ఉందో కొలిచి, ఆ నీరు చివరిగా క్వార్ట్జ్‌తో సమతుల్యంగా ఉన్న చోటి వేడిని అంచనా వేసే పద్ధతిని చూపారు. గేసిర్ నీటిలో లీటరుకు సుమారు 500 మిల్లీగ్రాముల సిలికా ఉంటుంది. బసలో కూర్చొని ఆ సంఖ్యను సూత్రంలో పెట్టి చూస్తే 250 డిగ్రీలు వచ్చింది. కానీ అక్కడితో ఆగిపోతే తప్పు. దారిలో నీరు మరిగి ఆవిరి పోయినందువల్ల సిలికా చిక్కబడింది కదా. ఆ నష్టాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకునే రెండవ సూత్రం వాడితే జవాబు 225 దగ్గరకు దిగింది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండాలి. ఎవరూ తవ్వని లోతుల్లోని వేడిని ఒక చెంబెడు నీరు ఇంత దగ్గరగా చెప్పడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

నాలుగవ రోజు: బోర్గార్‌ఫ్యోర్దుర్

రోజంతా ప్రయాణమే. డెయిల్డార్తుంగుహ్వేర్ బుగ్గ దగ్గర 97 డిగ్రీల నీరు సెకనుకు 180 లీటర్ల చొప్పున పొంగుతుంటే ఆవిరిలో ఎదురుగా ఉన్న కంచె కూడా కనిపించలేదు. ఐరోపాలో ఇంత ధార ఉన్న వేడినీటి బుగ్గ మరొకటి లేదు. ఇక్కడి నీటిని 64 కిలోమీటర్ల దూరంలోని ఆక్రానెస్ దాకా పైపులో తీసుకెళ్లి ఇళ్లను వెచ్చగా ఉంచుతారు. గేసిర్ అంత వేడి మూలం దీనికి లేదు, సిలికా కూడా తక్కువే. అందుకే బుగ్గ చుట్టూ నిన్నటి లాంటి మందపాటి పెంకు కనిపించలేదు. చీకటి పడేలోగా హ్రౌన్‌ఫోస్సర్ చూశాను. అక్కడ లావా అంచు కిందినుంచి, దాదాపు 900 మీటర్ల పొడవునా, చల్లని భూగర్భ జలం సన్నటి ధారలుగా నదిలోకి దూకుతుంది. ఒక నది పుట్టేటప్పుడే ఇంత వెడల్పుగా పుట్టడం నేనెక్కడా చూడలేదు.

ఐదవ రోజు: హెట్లిస్‌హెయిది

బసాల్ట్‌కూ నీటికీ మధ్య జరిగే ఈ వ్యవహారాన్ని మనుషులు కావాలని నడిపిస్తున్న చోటు ఇది. భూతాప విద్యుత్ కేంద్రంలో ఆవిరితో పాటు పైకి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఇక్కడ నీటిలో కరిగించి తిరిగి బసాల్ట్‌లోకి పంపుతున్నారు. ఈ పథకం పేరు కార్బ్‌ఫిక్స్. 2012లో ప్రయోగాత్మకంగా మొదలై, 2014 నుంచి పెద్ద ఎత్తున సాగుతోంది.

పద్ధతి వినడానికి సులువు. వాయువును నీటిలో కరిగిస్తే అది పీహెచ్ 4 కంటే తక్కువ ఉన్న ఆమ్లజలమవుతుంది. మామూలు నీటి కంటే కాస్త బరువైనది కనుక పైకి తేలదు, వాయువులా పగుళ్లలోంచి తప్పించుకోదు. ఆ ఆమ్లం బసాల్ట్‌ను వేగంగా కరిగించి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము అయాన్లను విడిపిస్తుంది. ఆమ్లం ఖర్చయ్యే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. పెరిగిన చోట కాల్షియం, కార్బొనేట్ అయాన్లు కలిసి కాల్సైట్ అనే ఖనిజంగా గడ్డకడతాయి. థింగ్వెట్లిర్‌లో దశాబ్దాలు పట్టే పనినే ఇక్కడ ఆమ్లాన్ని ముందుగానే ఎక్కువగా ఇచ్చి తొందరపెడుతున్నారు. దీనికి ఖర్చు నీరే: ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 25 టన్నుల నీరు కావాలి. నీటికి కరువున్న చోట ఈ లెక్క పెద్ద అడ్డంకి అవుతుంది, ఆ సంగతి దాచకూడదు.

2012 ప్రయోగంలో పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో ప్రకటించారు. వందల, వేల ఏళ్లు పడుతుందని అంతకు ముందు అనుకునేవారు. ఆ నిర్ధారణకు వచ్చిన దారి నాకు బాగా నచ్చింది. పంపే వాయువుకు గుర్తుగా కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను కలిపారు. దిగువనున్న పరిశీలన బావి నీటిలో, వాయువు రాయిగా మారకపోయి ఉంటే కనిపించవలసినంత కార్బన్-14 కనిపించలేదు. అది ఎటు పోయిందో ఆ బావిలోని పంపు చెప్పింది. పంపు పూడుకుపోయి ఆగిపోగా, బయటికి తీసి చూస్తే దానికి పట్టినది కాల్సైట్. అందులోని కార్బన్-14 పైనుంచి పంపినదానితో సరిపోయింది. చెడిపోయిన యంత్రం మీది గారే అక్కడ సాక్ష్యంగా నిలిచింది.

ప్రదర్శనలో ఒక రాతి స్తంభం ముక్కను చేత్తో తాకనిచ్చారు. నల్లటి బసాల్ట్, దాని రంధ్రాల్లో తెల్లటి కాల్సైట్ చుక్కలు. ఈ దేశపు తూర్పు తీరంలోని హెల్గుస్తాదిర్ గనిలో ఇదే ఖనిజం అద్దమంత స్వచ్ఛంగా దొరికేది. ఐస్‌లాండ్ స్పార్ అని పేరు పొందిన అలాంటి స్ఫటికం గుండా చూస్తే ప్రతి గీతా రెండుగా కనిపిస్తుందని 1669లో రాస్ముస్ బార్థోలిన్ రాశాడు. అదీ బసాల్ట్ ఖాళీల్లో నీరు కట్టినదే, ఇదీ అదే. కాకపోతే ఈ చుక్కల వయసు మనకు సంవత్సరాలలో తెలుసు.

ఆరవ రోజు: క్రీసువిక్, స్వార్త్‌సెంగి

క్రీసువిక్‌లోని సెల్తూన్ చెక్కబాట మీద నడుస్తుంటే, ఇది కూడా బసాల్టేనా అని అనుమానం వచ్చింది. ఎరుపు, పసుపు, బూడిద, తెలుపు రంగుల మట్టిలో బురద కుతకుతలాడుతోంది. ఇక్కడ పైకి వచ్చేది నీరు కాదు, ఆవిరి. దానితో వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్ నేల పైపొరలో గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. ఇలాంటి మడుగుల్లో పీహెచ్ 3 కంటే దిగువకు పోతుంది. ఆ ఆమ్లంలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం మొత్తం కొట్టుకుపోతాయి, చివరికి రాతిలో మిగిలేది కయోలినైట్ వంటి బంకమట్టి, ఇనుప ఆక్సైడ్లు, సిలికా, కదలని టైటానియం. ఎరుపు ఇనుముది, పసుపు గంధకానిది, బురద నలుపు ఎక్కువగా ఇనుప సల్ఫైడ్‌ది. మొన్నటి క్షారజలం రాతిని ఏళ్ల తరబడి పొదుపుగా కరిగించింది. ఇక్కడి ఆమ్లం అదే రాతిని ముద్ద చేసి వదిలింది. లోపల వేడి మూలం ఒకే తరహాదే అయినా పైకి వచ్చింది నీరా, ఆవిరా అన్న ఒక్క తేడాతో రెండు లోకాలు ఏర్పడ్డాయి.

మధ్యాహ్నం స్వార్త్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం. 2023 డిసెంబరు నుంచి ఈ చుట్టుపక్కల లావా పదే పదే ఉబికింది, కేంద్రం చుట్టూ కట్టిన మట్టి గోడలు దారి పొడవునా కనిపిస్తాయి. ఇక్కడి లోతుల్లో ఉన్నది వాన నీరు మాత్రమే కాదు. సముద్రం నేల కిందినుంచి చొచ్చుకొచ్చి, మంచినీటితో కలిసి, 240 డిగ్రీల వేడిలో బసాల్ట్‌తో చర్య జరుపుతోంది. ఉప్పదనం సముద్రపు నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు. 1976లో కేంద్రం మొదలయ్యాక, వాడిన నీటిని పక్కనున్న లావా మీదికి వదిలారు. ఇంకిపోతుందనుకున్న ఆ నీటిలోని సిలికా రాలి లావా రంధ్రాలను మూసేసింది, నీరు నిలిచి మడుగైంది. నేటి బ్లూ లగూన్ అదే. పాల నీలం రంగు, అతి సన్నటి సిలికా రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చినది.

నన్ను ఆకర్షించింది రంగు కంటే మెగ్నీషియం లెక్క. సముద్రపు నీటిలో కిలోకు దాదాపు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. ఇక్కడి లోతుల నుంచి వచ్చే నీటిలో అది ఒకటి రెండు మిల్లీగ్రాములకు పడిపోతుంది. వేడి బసాల్ట్‌లో కొత్తగా ఏర్పడే బంకమట్టి ఖనిజాలు దాన్ని లాగేసుకుంటాయి. బదులుగా రాతిలోని కాల్షియం, పొటాషియం నీటిలోకి వచ్చి సముద్రంలో ఉన్నదానికి రెండింతలు దాటుతాయి. నదులు యుగాలుగా మెగ్నీషియాన్ని మోసుకొచ్చి పోస్తున్నా సముద్రంలో అది పేరుకుపోకపోవడానికి కారణం చాలాకాలం సరిగా తేలలేదు. 1977లో గలపాగోస్ దగ్గర సముద్రగర్భంలో వేడినీటి బుగ్గలు దొరికాకే, సముద్రం తన అడుగునున్న బసాల్ట్‌లోకి దిగి మెగ్నీషియాన్ని వదిలి వస్తోందని స్పష్టపడింది. రెండు కిలోమీటర్ల నీటి అడుగున జరిగే ఆ పనిని ఇక్కడ ఒడ్డున నిలబడి చూడవచ్చు.

ఏడవ రోజు: సోగ్, హ్వీతౌ కలిసే చోటు

తిరుగు ప్రయాణానికి ముందు ఇంగోల్ఫ్స్‌ఫ్యాట్ల్ కొండ దగ్గరికి వెళ్లాను. థింగ్వెట్లిర్ సరస్సు నుంచి వచ్చే సోగ్ నది, హిమానీనదాల కింద పుట్టి గేసిర్ ప్రాంతపు నీటిని కూడా కలుపుకొచ్చే హ్వీతౌ నది ఇక్కడ కలిసి ఓల్ఫుసౌ అవుతాయి. అంటే రెండవ రోజు పగులులో చూసిన నీరు, మూడవ రోజు ఆకాశానికి ఎగిసిపడిన నీరు చేరేది ఈ సంగమానికే.

సోగ్ తేటగా ఉంది, హ్వీతౌ బూడిద కలిపిన పాలలా ఉంది. హిమం తన బరువుతో రాతిని పిండిగా నూరి నదిలో వేస్తుంది. ఇంత చల్లటి నీటిలో, రాతితో ఇంత కొద్దికాలమే గడిపిన ఈ నది రసాయనికంగా పేదదనుకోవడం తొందరపాటు. రాయి పిండి అయినప్పుడు నీరు తాకే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పిండిలో ఎక్కువ భాగం కరగకుండానే సముద్రం చేరి, అక్కడ తీరికగా కరుగుతూ కాల్షియాన్ని విడుస్తుంది. ఆ కాల్షియం వాన వెంట దిగిన కార్బన్‌ను పట్టుకొని ఏదో ఒకరోజు సున్నపురాయిగా అడుగుకు చేరుతుంది. హెట్లిస్‌హెయిదిలో రెండేళ్లలో జరిపించిన పనిని ఈ నదులు భూమి చరిత్ర పొడవునా జరుపుతూనే ఉన్నాయి, వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ అదుపులో ఉండడానికి దీర్ఘకాలంలో ఇదొక ముఖ్య కారణం.

సంగమానికి ఎగువన రెండు నదులనుంచీ చెరొక సీసా పట్టాను. తర్వాత దిగువకు నడిచాను. తేట నీరు, బూడిద నీరు చాలా దూరం ఒకే గట్టున పక్కపక్కనే సాగాయి, వాటి మధ్య గీత వంకరలు తిరుగుతూ వెళ్లింది. గీత చెదిరిపోయిందనిపించిన చోట వంగి మూడవ సీసా నింపి, తేదీ, వేళ, నీటి వేడి చీటీ మీద రాసి అతికించాను.